చేతితో కట్టిన రేడియోలు: కొత్తవలస ప్రాంతమున వాటి వినికిడి

పురాణములలో ఆకాశవాణి పలికినప్పుడు దానిని వినుటకు ఉపకరణమేదియు అక్కరలేదు. దేవకీవసుదేవుల రథమును తోలుచున్న కంసునకు ఆ మాట నేరుగా చెవిని పడినది. 1935లో మైసూరు నగరమున ఆచార్య ఎం.వి. గోపాలస్వామి గారు తమ యింట నెలకొల్పిన చిన్న ప్రసారకేంద్రమునకు ఆ పురాణనామమునే ఉంచిరి. తరువాత అఖిల భారత రేడియో ఆ పేరును తనదిగా చేసికొన్నది. అయితే ఈ కొత్త ఆకాశవాణి ఎల్లరి చెవులను పడునది కాదు. దానిని పట్టుటకు సెట్టు కావలెను; సెట్టు కొనుటకు పైకము కావలెను; సెట్టు ఇంటనుంచుకొనుటకు ఏటేట తపాలా కచేరీలో లైసెన్సు రుసుము చెల్లింపవలెను. ఇంత వ్యయమునకు ఓర్వలేనివారు రాగితీగతోను, రాతిముక్కతోను ఆ వాణిని పట్టుటకు చేసిన సాధన యొక్క కథ యిది. కొత్తవలస వంటి ఊరిలో ఆ సాధన చాలకాలము ఏల ఫలింపలేదో, పిదప ఒక్కసారిగా ఏల ఫలించినదో తెలిసికొనుట ముఖ్యము.

అట్టి సెట్టుకు కావలసిన సామగ్రి స్వల్పము. మూడంగుళముల అట్టగొట్టము మీద 26వ నంబరు ఎనామెల్ రాగితీగను 50 చుట్లు చుట్టిన కాయిల్ సిద్ధమగును. దానికి జతగా ఒక గ్యాంగ్ కండెన్సరు ఉన్నచో మధ్యతరంగములలో కోరిన స్టేషనుకు తిప్పుకొనవచ్చును. రెండు కొబ్బరిచెట్ల నడుమ కట్టిన పొడుగైన తీగ ఏరియల్. నూతి చెంత తేమనేలలో పాతిన ఇనుపకడ్డీ ఎర్తు. నడుమ తరంగమును మాటగా మార్చు డిటెక్టరు. కడపట, చెవికి తగిలించుకొను హెడ్‌ఫోను. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. ఎక్కడనో ప్రసారస్తంభము వెదజల్లిన శక్తిలో ఏరియల్ పట్టిన రవ్వంత భాగమే హెడ్‌ఫోనులోని రేకును కదల్చును. ఈ సంగతి మరవరాదు. తరువాతి కథయంతయు దీనిమీదనే ఆధారపడియున్నది.

డిటెక్టరు అనుదాని చరిత్ర రేడియో కంటె పాతది. 1874లో జర్మనీ దేశపు ఫెర్డినాండ్ బ్రౌన్ కొన్ని లోహపు గంధకిద స్ఫటికములు విద్యుత్తును ఒక దిక్కునకే సులువుగా పోనిచ్చునని కనుగొనెను. మన జగదీశ చంద్ర బోసు గారు ఈ గుణమునే తరంగములను పట్టుటకు వినియోగించి, 1901లో అమెరికా పేటెంటునకు దరఖాస్తు చేయగా, అది 1904లో మంజూరైనది. అందులోని స్ఫటికము గెలీనా, అనగా సీసపు ఖనిజము. 1906లో అమెరికావాడైన పికార్డ్ సిలికాన్ డిటెక్టరునకు పేటెంటు పొందెను. గెలీనా రాతిమీద సన్నని తీగమొనను తాకించి, పలుకు చోటు దొరకువరకు అటునిటు జరుపుట అప్పటి పద్ధతి. ఆ తీగమొనను ఆంగ్లేయులు పిల్లిమీసమని ముద్దుగా పిలిచిరి.

ఈ గెలీనా మనవారికి ఎరుగని వస్తువు కాదు. పూర్వపు గుంటూరు మండలమున అగ్నిగుండాల చెంత బండ్లమోట్టులో దొరకు సీసపు ధాతువు ఇదియే. కంటికి పెట్టుకొను సుర్మాలలో అనేకములు ఈ రాతిపొడియే. సీసము విషమని వైద్యులు చెప్పుచున్నందున కంటికి దానిని దూరముగా నుంచుటయే మేలు. అంజనము వేసి మరుగుపడిన నిధులను చూచెదమను మంత్రగాండ్ర మాటలను మన పల్లెలలో విననివారు లేరు. వారికి నిధి కనబడినదో లేదో గాని, ఆ రాయి చెవికి మాత్రము మరుగుపడిన మాటను నిజముగనే వినిపించినది.

ఇక మన దేశమున ప్రసారముల సంగతి. 1924 మే 16న సి.వి. కృష్ణస్వామి శెట్టి గారి పూనికతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి, జూలై 31 నుండి 40 వాట్ల ప్రసారిణితో పాటలు, ప్రసంగములు వినిపించినది. నలువది వాట్లనగా ఇంటిలోని ఒక దీపమునకు పట్టు శక్తి. 1927 అక్టోబరులో ధనము చాలక క్లబ్బు మూతపడినది. దాని పరికరములతో మద్రాసు కార్పొరేషను వారు 1930 ఏప్రిల్ 1 నుండి ప్రసారములు సాగించిరి. ఈలోగా ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ 1927 జూలై 23న బొంబాయిలోను, ఆగస్టు 26న కలకత్తాలోను కేంద్రములు తెరచినది. ఒక్కొక్కటి ఒకటిన్నర కిలోవాట్లు. నమ్మికగా వినబడు దూరము 30 మైళ్ళు. గెలీనా సెట్లు కట్టిన కుర్రవాండ్రు ఆ దినములలో ఉన్నదెల్ల ఈ నగరములలోనే. ఉత్తరాంధ్రమున అట్టి సెట్టు కట్టినవానికి తన గుండెచప్పుడు తప్ప మరేమియు వినబడి యుండదు.

1938 జూన్ 16న అఖిల భారత రేడియో మద్రాసు కేంద్రము వెలసి, తెలుగు ప్రసారములును సాగినవి. అందు మధ్యతరంగ ప్రసారిణి 250 వాట్లది. అది నగరమునకే చాలును. 10 కిలోవాట్ల హ్రస్వతరంగ ప్రసారిణి దూరప్రాంతములకు ఉద్దేశింపబడినది. కాని హ్రస్వతరంగములను పట్టుటకు వాల్వు సెట్టు ఉండవలెను. ఆనాటి పల్లెలలో అట్టి సెట్టు జమీందారు బంగళాలలోను, కలిగినవారి యిండ్లలోను ఉండెడిది.

పిమ్మట 1948వ సంవత్సరము వచ్చినది. ఆ యేడు జనవరి 28న కటకములోను, డిసెంబరు 1న విజయవాడలోను కేంద్రములు తెరువబడినవి. కొత్తవలస ఈ రెంటి నడుమ పడినది. ఆకాశమార్గమున విజయవాడకు సుమారు 310 కిలోమీటర్లు, కటకమునకు 400 కిలోమీటర్లు. దూరముగానున్న రెండు దీపముల నడుమ చీకటిలో నిలుచున్నవానికి రెండు వెలుగులును కనబడును. ఏ వెలుగున పుస్తకము చదువుటకు వీలుండదు. అప్పటి శృంగవరపుకోట తాలూకా వారి స్థితి సరిగ్గా అట్లే యుండెను.

దీనికి కారణము లెక్కలో తేలును. తరంగముయొక్క బలము దూరము పెరిగినకొలది తగ్గును. శక్తి దూరముయొక్క వర్గమును బట్టి తగ్గును. విశాఖపట్నము కొత్తవలసకు సుమారు 25 కిలోమీటర్లు. విజయవాడ దానికి 12 రెట్లు దూరము. కాబట్టి సమానమైన రెండు ప్రసారిణులలో విజయవాడది విశాఖదానిలో సుమారు 150వ వంతు శక్తినే యిచ్చట అందించును. దారిలో నేల పీల్చుకొన్నది ఇందు లెక్కింపలేదు. అంతటితో పోలేదు. డిటెక్టరునకు ఒక గడప ఉన్నది. వచ్చిన విద్యుత్తు ఆ గడపను దాటినగాని అది సరిగా పనిచేయదు. గడపకు క్రింది సన్నని సంకేతము సగమైనచో, మాట పావువంతగును. సంకేతము పదవ వంతైనచో, మాట నూరవ వంతగును. నేర్పు లేకకాదు, రాయి మంచిది కాకకాదు. పల్లెలోని గెలీనా సెట్టు మూగదై యుండుటకు హేతువు ఇదియే. ఎంతటి పనివాడైనను వాన కురియని చోట చెరువు నింపలేడు.

ఆ పదునైదేండ్లును వాల్వు సెట్టుకే మాట దక్కినది. ఒక్క వాల్వుతో రియాక్షన్ సెట్టు కట్టుట గెలీనా సెట్టు కంటె కష్టము. దానికి వేడిచేయు బ్యాటరీ యొకటి, 90 వోల్టుల హైటెన్షన్ బ్యాటరీ యొకటి కావలెను. వాల్వులోనుండి వెలువడిన సంకేతములో కొంత మరల కాయిల్‌కు ఎదురిచ్చి బలపరచుట రియాక్షన్. ఈ మర్మమును అమెరికావాడైన ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టి 1914లో పేటెంటు పొందెను. రియాక్షన్ మరీ మించినచో సెట్టు ఈలవేయును. ఆ యీల ఏరియల్ గుండ వెలికిపోయి ఇరుగుపొరుగు సెట్లలోను వినబడును. రాత్రివేళ అట్టి సెట్టులో విజయవాడయు, కటకమును పలికెడివి. అయితే పాట మంచిపట్టులో నుండగా గొంతు క్రమముగా కుంగి, కొన్ని నిమిషములకు మరల తేలెడిది.

పగలు లేని మాట రాత్రి ఏల వచ్చునన్న సంశయము సహజము. భూమికి ఎంతయో ఎత్తున విద్యుద్భరితమైన పొరలు గలవు. పగటిపూట అడుగుపొర మధ్యతరంగములను పీల్చివేయును. సూర్యాస్తమయమైన పిదప ఆ పొర నశింపగా, పైపొర అద్దమువలె తరంగమును నేలకు త్రిప్పి పంపును. నేలవెంట వచ్చినదియు, నింగినుండి దిగినదియు ఒకప్పుడు కలిసివచ్చి, ఒకప్పుడు ఒకదానినొకటి రద్దుచేసికొనుటచే గొంతు కుంగుచు తేలుచు నుండును. ఈ అయనావరణమును గూర్చి వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్య బి. రామచంద్రరావు గారి నాయకత్వమున విశేషమైన పరిశోధన జరిగినది. మన ఊరి వారిని విసిగించిన ఆ కుంగుబాటు, పాతిక కిలోమీటర్ల దూరమున పండితులకు పరిశోధనవస్తువైనది.

సొంత సెట్టు లేనివారికి పంచాయతీ రేడియో దిక్కు. సాయంకాలము అరుగుమీద చేరి వార్తలు, పంటల సంగతులు, నాటకములు వినుట ఆ తరమునకు అలవాటు. గ్రంథాలయమునకు వచ్చు కార్యక్రమ పత్రిక ‘వాణి’ని ముందుగా చదివి, ఏనాడు ఏ సంగీతకచేరి యున్నదో గుర్తుంచుకొనెడివారు. కాని పదిమంది చేరిన చోట కోరిన కార్యక్రమము వినుట ఒకరి వశము కాదు. మీట ఎవరి చేతిలో నున్నదో వారి యిష్టమే అందరి యిష్టము. పేదవాడు తన చెవికి తాను కోరినది వినుటకు సొంత సెట్టు తప్ప మార్గము లేదు.

1963 ఆగస్టు 4న విశాఖపట్నమున ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైనది. కొత్తవలస నుండి కిరండూల్‌కు ఇనుపధాతువు మార్గము నిర్మాణములోనున్న దశాబ్దమది. రైలుమార్గమును గూర్చి వ్రాసినవారు పెక్కుమంది. గాలిలో వచ్చిన ఈ రెండవ మార్గమును గూర్చి వ్రాసినవారు తక్కువ. కాని అటకమీద పడవేసిన గెలీనా సెట్టునకు ఆ దినము పునర్జన్మము. కాయిల్ అదియే, రాయి అదియే, చెవి అదియే. దూరము మాత్రము మారినది. తరువాతి కాలమున ఈ కేంద్రము 927 కిలోహెర్ట్జ్ మీద 100 కిలోవాట్ల శక్తితో ప్రసారము చేసినప్పుడు, పాతిక కిలోమీటర్ల లోపల మంచి ఏరియల్ గల గెలీనా సెట్టు హెడ్‌ఫోనును చెవినుండి తీసి బల్లమీద నుంచినను సన్నగా వినబడునంతటి బలము కలిగినది. తప్పెటగుళ్ళు, జముకుల కథ వంటి ఈ ప్రాంతపు కళలు, ఈ ప్రాంతపు పలుకుబడి రేడియోలో వినబడుటకు సమీపమున కేంద్రముండుటయే కారణము. విజయవాడ గొంతు ఎంత మధురమైనను అది పొరుగూరి గొంతే.

సెట్లు పలుకుట మొదలైన పిదప ఎవరి సెట్టు మేలన్న వాదము పుట్టుట సహజము. ఇక్కడనే పెక్కుమంది పొరబడుదురు. ఒకడు ఉదయము తన సెట్టును తన ఏరియల్‌కు తగిలించి వినును. మరొకడు రాత్రి వేరొక ఏరియల్‌తో, వేరొక హెడ్‌ఫోనుతో వినును. ఇరువురును రాతిముక్కల గుణదోషములను వాదింతురు. ఒక చేనికి ఒక గొలుసు, మరొక చేనికి మరొక గొలుసు పెట్టి కొలిచి, విస్తీర్ణము తేడా వచ్చినదని తగవులాడిన చందమిది. పోలిక నిలువవలెనన్నచో ఏరియల్, ఎర్తు, హెడ్‌ఫోను, వేళ నాలుగును ఒకటిగా నుంచి, ఒక్కదానిని మాత్రమే మార్చి చూడవలెను. రెండు సెట్లను ఒకే ఏరియల్‌కు ఒకేసారి తగిలించుటయు తప్పే. ఒకే కాలువకు రెండు తూములు తెరచినట్లు, ఒకదాని నీరు మరొకటి లాగుకొనును. చెవి త్వరగా మరచునది కావున, మీట నొక్కి క్షణములో ఒక డిటెక్టరు నుండి మరొకదానికి మార్చి వినుట ఉత్తమము. మైక్రోఅమ్మీటరు దొరికినచో డిటెక్టరు గుండ పోవు విద్యుత్తును చూచి అంకెలలో వ్రాసికొనవచ్చును. అంకెకు పక్షపాతము లేదు.

ఇట్లు పోల్చిచూచినప్పుడు తేలు సంగతులు కొన్ని ఆశ్చర్యము గొలుపును. పలుకు చోటు దొరికిన మంచి గెలీనా జెర్మేనియం డయోడునకు బిగ్గరతనమున ఏమియు తీసిపోదు. కాని ఆ చోటు నిలువదు. తలుపు గట్టిగా వేసినను, వీధిలో బండి పోయినను మొన జారును. వ్రేలిజిడ్డు తగిలినచో రాయి మందగించును. 1960లలో ఓఏ79, ఓఏ81 వంటి గాజుగొట్టపు డయోడులు వాడుకలోనికి వచ్చినవి. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1962లో జెర్మేనియం పరికరముల తయారీకి పూనుకొనిరి. డయోడు వెదకులాట లేని డిటెక్టరు. వినువానికి డయోడు మేలు. నేర్చుకొనువానికి రాయియే మేలు, ఏలయన అది ఓరిమిని అడుగును. సిలికాన్ డయోడు నేడు అతిచౌక. అయినను దాని గడప ఎక్కువ, సుమారు 0.6 వోల్టు, జెర్మేనియమునకు 0.2 మాత్రమే. కాబట్టి బలహీనమైన సంకేతమునకు సిలికాన్ పనికిరాదు. రెండవ ప్రపంచయుద్ధమున 1944లో ఇటలీ దేశపు అంజియో తీరమున చిక్కిన అమెరికా సైనికులు తుప్పుపట్టిన గడ్డపుబ్లేడు మీద పెన్సిలు సీసపు మొనను తాకించి రేడియో వినిరి. ఆ బ్లేడు సెట్టు సమీపమునందలి బలమైన కేంద్రమునకే పలుకును. కొత్తవలసలో 1963కు ముందు బ్లేడుతో ప్రయత్నించుట వృథా. తరువాత అది వినోదము.

అయితే డిటెక్టరును మార్చుటచే కలుగు భేదము కంటె ఏరియల్‌ను పది అడుగులు ఎత్తుచేయుటచే కలుగు భేదము తరచు పెద్దది. ఎర్తును సరిచేయుట వలన లాభము మరింత చౌక. వేసవిలో నేల ఎండినప్పుడు సెట్టు మెత్తబడును. కడ్డీ చుట్టును గుంతలో ఉప్పు, బొగ్గు వేసి బిందెడు నీరు పోసినచో గొంతు లేచును. రాయిని నిందించి పట్టణమునకు కొత్తరాతికై పోవువారు ముందుగా బిందె నెత్తుట మంచిది. ఉరుములు వినబడినప్పుడు మాత్రము సెట్టు జోలికి పోక, ఏరియల్‌ను నేరుగా ఎర్తుకు కలిపివేయవలెను.

వేరుపాటు అనునది మరొక గుణము. రెండు కేంద్రములను కలియనీక ఏరుట. ఏరియల్‌ను కాయిల్ కొననే కలిపినచో మాట బిగ్గరగా వచ్చును, వేరుపాటు చెడును. ఎర్తు కొననుండి పదవ చుట్టువద్ద కలిపినచో మాట సన్నగిల్లి వేరుపాటు కుదురును. డయోడును కాయిల్ నడుమ కలిపినను అట్టి ఫలమే. పగటిపూట కొత్తవలసలో విశాఖ యొక్కటే బలమైనది గనుక ఈ నేర్పుతో పనిలేకపోయినది. ఒకే అంగడి గల ఊరిలో సరుకు ఏరుకొను విద్య ఎవనికి కావలెను?

హెడ్‌ఫోను విషయమున ఎక్కువమంది మోసపోయిరి. సెట్టునకు తగినది 2000 లేక 4000 ఓములది. టెలిఫోను చెవిముక్క తక్కువ ఓములదగుటచే నేరుగా తగిలించినచో సంకేతమును క్రుంగదీయును. రోషెల్ లవణపు స్ఫటికము గల చెవిముక్క చౌకయు, చురుకైనదియు. కాని ఆ లవణము తేమకు, ఎండకు ఓర్వదు. సముద్రపు గాలి తగులు మన ప్రాంతమున రెండు మూడు వానకాలములకే అట్టిది మూగవోయిన వింత లేదు.

ట్రాన్సిస్టరు 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టినది. మన పల్లెలకు ట్రాన్సిస్టరు సెట్లు విరివిగా వచ్చుసరికి, డయోడు సెట్టునకు వెనుక ఒక ట్రాన్సిస్టరు, ఒక టార్చి సెల్లు చేర్చి కట్టిన సెట్టే కుర్రవాండ్రకు మొదటి మెట్టైనది. క్రమముగా కొన్న సెట్టు చౌకయైనది. కట్టిన సెట్టు ఆటవస్తువైనది. 1933 నాటి వైర్‌లెస్ చట్టము ప్రకారము సెట్టు దగ్గరనుంచుకొనుటకు ఉండిన లైసెన్సు నిర్బంధము గృహస్థుల రేడియోలకు 1980లలో తొలగినది. గెలీనా ముక్కకును లైసెన్సు కావలెనని తెలియని బాలురు ఎందరో అప్పటికే పెద్దవారైరి.

ఇటీవలి సంవత్సరములలో ఆకాశవాణి అనేకచోట్ల మధ్యతరంగ ప్రసారిణులను మూసి ఎఫ్.ఎం. వైపు మరలినది. ఎఫ్.ఎం. పద్ధతి వేరు, ఈ సాదా కాయిల్, డయోడులకు అది చిక్కదు. ఎల్.ఇ.డి. దీపములు, ఛార్జర్లు వెలువరించు గరగర మరొక బాధ. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపానున దినములకొలది కరెంటు లేనప్పుడు, బ్యాటరీ అక్కరలేని సెట్టును కొందరు తలచుకొనియుందురు. తుపానుకు మొట్టమొదట నేలవ్రాలునది ఆ సెట్టు ఏరియలే యన్న సంగతి వేరు.

హెడ్‌ఫోను ఒక్కరికే గదా యని చింతింపనక్కరలేదు. దానిని ఒక ఇత్తడి గిన్నెలో బోర్లించినచో, గిన్నె మాటను పట్టి పైకి వదలును. గది నిశ్శబ్దముగా నుండి, విశాఖ కేంద్రపు మధ్యతరంగము బలముగా నున్నచో, గిన్నె చుట్టు మోకాళ్ళమీద వంగిన నలుగురును వార్తలు వినవచ్చును.